ఈల అక్కరలేని ఆట

దీనిని వ్రాయవలసిన కారణం ముందుగా చెప్పడం క్రమం.

నంద్యాలలో తాళ్ళ అంగడి నడిపిన ఒకాయన మా ఆళ్ళగడ్డ పిల్లలకు కొత్త ఆట ఒకటి నేర్పాడనీ, ఒక పోటీలో ఓడిపోయి, ఆ ఉక్రోషంతో ఆటను నడిమధ్యలో వదిలి వెళ్ళిపోయాడనీ మా ఊళ్ళో ఒక మాట నిలిచిపోయింది. ఆ మాట అబద్ధం. ఆయనకు ఉక్రోషం లేదు. ఆయన వదిలి వెళ్ళనూ లేదు. అసలు జరిగినదేమిటో తెలిసినవాళ్ళం ముగ్గురం. ఒకడు ఆయన, చనిపోయాడు. రెండవది శారద అనే బాలిక. అప్పటికి ఎనిమిదవ తరగతి చదువుతుండేది, ఇప్పుడెక్కడ ఉన్నదో నాకు తెలియదు. మూడవవాడిని నేను. అప్పుడు ఆ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిని. ముగ్గురిలో ఒకరు తగ్గారు గనుక ఇక ఆలస్యం చేయడం తగదు.

ఆయన పోయిన సంగతి కూడా నాకు నాలుగు నెలలు ఆలస్యంగా తెలిసింది. మా పెరట్లో బట్టలు ఆరవేసే తాడు పుచ్చి తెగిపోతే, కొత్తది కొనడానికి నంద్యాల వెళ్ళాను. ఆళ్ళగడ్డలో తాళ్ళు దొరకవని కాదు. ఆరేళ్ళుగా ఆ అంగడి ముందు నుంచి నడవకుండా తప్పించుకొని తిరుగుతున్నాను. ఆ రోజు ఎందుకో కాళ్ళు అటే తీసుకువెళ్ళాయి. గద్దె మీద ఆయన లేడు. ఆయన తమ్ముడు కూర్చొని ఉన్నాడు. అతని ముందు తెల్లటి ప్లాస్టిక్ పళ్ళెం ఒకటి వెల్లకిలా పెట్టి ఉంది. అందులో గోతాలు కుట్టే దబ్బనాలు, రెండు పురికొస ఉండలు ఉన్నాయి. పళ్ళెం అంచున నీలిసిరాతో 'ఆ. గ.' అని వ్రాసిన అక్షరాలు సగం చెరిగి కనబడ్డాయి. వ్రాసిన చేయి నాదే. ఆళ్ళగడ్డ పళ్ళేలు నంద్యాల పళ్ళేలతో కలిసిపోకూడదని నేనే గుర్తు వేసి పెట్టాను.

"ఇది..." అన్నాను.

"మా అన్నది సార్. అన్న పోయి నాలుగు నెల్లాయ. కామెర్లు ముదిరిపోయె." అని నా ముఖం తేరిపార చూసి, "మీరు ఆళ్ళగడ్డ సార్ గదా? మీ బడికే గదా మా అన్న ఆదివారం ఆదివారం పోతాండె!" అన్నాడు.

అవునన్నాను.

"ఆ ఆట పిచ్చి ఏందో సార్ ఆయప్పకు. ఆడ ఓడిపోయినంక పళ్ళేలన్నీ గోతంలో ఏసి అటక మీద పెట్టేసె. ఏమైందన్నా అంటే, 'ఓడిపోతిమి లేరా' అనె. అంతే. ఇంగొగ మాట అన్ల్యా. పిల్లోళ్ళ ఆటలో ఓడిపోతే అంత రోషమా అని ఇంట్లో అందరం నవ్వినాం సార్."

నిజం చెప్పడానికి అంతకంటె తగిన స్థలం, తగిన సమయం నాకు దొరకవు. ఎదురుగా ఆయన తమ్ముడు, మధ్యలో ఆయన పళ్ళెం. నేను ఇరవై మూరల తాడు కొలిపించుకొని, చుట్ట చంకలో పెట్టుకొని, బస్సెక్కి వచ్చేశాను. ఆ తాడును ఇంకా పెరట్లో కట్టలేదు.

ఆయనను మొదట చూసినది కూడా ఒక ఆదివారమే. సెలవునాడు బడికి వెళ్ళి హాజరు పట్టీలు సరిచూసుకోవడం నా అలవాటు. గేటు దగ్గర భుజాన గోతం వేసుకొని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. యాభై దాటిన వయస్సు, సన్నటి శరీరం. చొక్కా మీద అక్కడక్కడా జనపనార పీచు అంటుకొని ఉంది. తరువాత ఎన్నిసార్లు చూసినా ఆ పీచు ఉండేది, అప్పుడే ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా మీద కూడా.

"ఎవరు కావాలి?" అన్నాను.

"ఎవురూ వద్దు సార్. ఇంత జాగా కావల్ల." రెండు చేతులూ చాచి చూపించాడు.

"దేనికి?"

"ఆటకు."

"ఏ ఆట?"

గోతంలో చెయ్యి పెట్టి ఒక తెల్ల పళ్ళెం పైకి తీశాడు. "దీన్ని ఎగరేసేది, పట్టుకునేది. చెప్తే తెలీదు సార్, చూపిస్తే తెలుస్తాది."

నోటిమాట మీద ఏ పనీ చేయను గనుక దరఖాస్తు వ్రాయమన్నాను. జేబులోని చీటీ వెనుక రెండు పంక్తులు వ్రాసి ఇచ్చాడు. అందులో మూడు తప్పులు ఉన్నాయి, చూపించాను. "నాదే సార్ తప్పు" అని మరొకటి వ్రాశాడు. అందులో తేదీ లేదు. "ఇది గూడ నాదే" అని మూడవసారి వ్రాశాడు. విసుగు లేదు, నవ్వు లేదు, నన్ను మెప్పించాలన్న ఆరాటమూ లేదు. తప్పు ఒప్పుకోవడం ఆ మనిషికి చొక్కా మీది పీచు దులుపుకున్నంత తేలిక. ఆ తేలికతనం చూసి అప్పుడు నేను కొంత చులకనగా అనుకున్నాను.

ఆటస్థలంలోకి అడుగు పెట్టగానే చెప్పులు విడిచాడు. వంగి, అడుగు అడుగునా పల్లేరుకాయలు ఏరి దోసిట్లో పోసుకుంటూ నేలంతా తిరిగాడు. అరగంట పట్టింది. అంతలో గోడ మీద కూర్చున్న పిల్లలు పదిమంది దాకా పోగయ్యారు.

"అన్నా, పళ్ళెం తెచ్చినావు సరే, సంగటి యాడ?" అని ఒకడు అరిచాడు.

"సంగటి పట్టినోళ్ళకే! ఏదీ, పట్టు చూద్దాం" అంటూ ఆయన మణికట్టు విదిలించాడు. పళ్ళెం నేల మీద మూరెడెత్తున తేలుకుంటూ పోయి, ఆ పిల్లవాడి ముందుకు రాగానే కాస్త పైకి లేచి, వాడి రొమ్ముకు తగిలి పడిపోయింది. గోడ మీదివాళ్ళందరూ ఒక్కసారిగా క్రిందికి దూకారు.

ఆయన కొత్తవారికి ఆట నేర్పే పద్ధతి చెప్పదగినది. పట్టడం మొదట, విసరడం తరువాత. "జొన్నరొట్టె తడతాది గదా మీయమ్మ, అట్ల. రెండు అరచేతుల నడుమ అణచల్ల. వేళ్ళతో గుంజుకోవాకండి" అనేవాడు. ఇంట్లో రొట్టెలు తట్టడం అలవాటైన ఆడపిల్లలకు అది మొదటి పూటనే పట్టుబడింది. మగపిల్లలు వారం రోజులు పడవేస్తూనే ఉన్నారు. శారద ఆ మొదటి పూట ఆడపిల్లలలో ఒకతె. ఆమె తండ్రి రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. ఆ పిల్ల జడలో కూడా ఎప్పుడూ రాతిపొడి ఉండేది. విసరడం గురించి ఆయన చెప్పినది ఒకే మాట: "ఇసరాకు పాపా, ఒదులు."

గాలి ఎటు ఉన్నదో చూడడానికి చొక్కా మీది పీచు ఒకటి గిల్లి వదిలేవాడు. అది వాలిన దిక్కుకు వీపు పెట్టి నిలబడేవాడు. మాట తోచక ఆగినప్పుడు చేతిలో ఉన్న పురికొసకు ముడి వేసేవాడు. మాట దొరకగానే విప్పేవాడు. ఆయనకు ఆట అంత బాగా రాదు. కాలు తడబడేది, తరచు జారవిడిచేవాడు. పిల్లలు ఆయనను 'పళ్ళేలన్న' అని పిలిచేవారు.

ఇక ఆట. ముగ్గురు ఒక పక్షం, ముగ్గురు ఒక పక్షం. ఇరవై అంగల చదరం ఒకటి తాడుతో పరచి మూలలకు గూటాలు కొట్టేవాడు. దాని నడిమధ్యలో రెండు అంగల చిన్న చదరం మరొకటి, అదీ తాడుతోనే. తనవాడు విసిరిన పళ్ళేన్ని ఆ చిన్న చదరంలో నిలబడి పట్టుకుంటే ఒక పాయింటు. కాలు తాడుకు తగిలితే చెల్లదు. పళ్ళెం చేతిలో ఉన్నవాడు నడవకూడదు. ఎదుటివాడు అయిదు లెక్కించేలోగా వదలాలి. నేల పడితే అవతలి పక్షానిది. వాళ్ళు దానిని ముందు పెద్ద చదరం బయటికి దాటించి, ఆ పైన లోపలికి రావాలి. ఒకరినొకరు తాకకూడదు. చెబితే ఇంతే. చూస్తే మాత్రం కన్ను నిలవదు. "బేగా! బేగా ఒదులు!" అని అరుపులు, ఇటు పరుగు, అటు మలుపు; పది నిమిషాలలో ఒక ఆట ముగిసిపోయేది. పిల్లలు దానికి 'పెట్టె ఆట' అని పేరు పెట్టుకున్నారు.

నాకు నచ్చనిది ఒకటే. ఆ ఆటకు తీర్పరి లేడు. తప్పు చేసినవాడే చెయ్యెత్తి "నాది" అనాలి. వెంటనే పళ్ళెం అవతలి పక్షానికి ఇచ్చేయాలి. ఇద్దరికీ భేదం వస్తే పళ్ళెం విసిరినవాడికే తిరిగి పోవాలి, మళ్ళీ ఆడాలి. అంతకు మించి వాదం లేదు.

"ఇది క్రమం కాదు. దొంగ తనంతట తాను దొరికిపోవాలంటే ఎట్లా?" అన్నాను.

ఆయన పురికొసకు ముడి వేశాడు. కొంతసేపటికి విప్పి అన్నాడు: "బెంగుళూరుకు గోతాల సరుకు మాట్లాడను పోయింటి సార్. పొద్దున్నే పార్కులో ఈ ఆట ఆడతాండారు. ఒగ మనిషి తక్కువొచ్చె. రమ్మని నన్ను పిల్చినారు. నా పేరు అడగల్యా. యాడోడివి, ఎవురోడివి, ఏమీ అడగల్యా. నేను తాడు తొక్కితి. ఎవురూ చూడల్యా. అయినా నోట్లోంచి 'నాది' అని వచ్చేసె. నలభై ఏండ్లు అంగట్లో కూర్చున్యా, ఆ మాట ఒగనాడన్నా అన్ల్యా సార్. అన్నాక ఎంత హాయిగా ఉండెనో!"

హాయి కొరకు నియమాలు ఉండవని నా అభిప్రాయం.

కాని నాలుగు నెలలు తిరిగేసరికి నేను ఊహించనిది జరిగింది. నీళ్ళ తొట్టి కుళాయిని ఎవరో విప్పి వదిలిపోతే, ప్రార్థన సమయంలో బెత్తం పట్టుకొని అడిగాను. ఏడవ తరగతి పిల్లవాడొకడు చెయ్యెత్తి, "నాది సార్" అన్నాడు. అది మొదలు. కిటికీ అద్దం పగిలితే "నాది". ఇంటిపాఠం వ్రాయకపోతే "నాది". ఒకనాడు శారద తానే నా గదికి వచ్చి, "లెక్కల పరీక్షలో పక్కపిల్ల కాగితం చూసినాను సార్. ఒగ మార్కు నాది కాదు" అని చెప్పి వెళ్ళింది. ముప్పై ఏళ్ళు బెత్తంతో రాబట్టలేనిది, ఒక తాళ్ళ అంగడి మనిషి రెండు చదరాల తాడుతో రాబట్టాడు. తనిఖీకి వచ్చిన అధికారి ఆశ్చర్యపోతే, "మా పాఠశాల క్రమశిక్షణ అటువంటిదండీ" అన్నాను. పళ్ళేలన్న పేరు ఎత్తలేదు.

పోటీ పెడదామన్న ఆలోచన ఆయనది కాదు, నాది. నంద్యాల జట్టు, ఆళ్ళగడ్డ జట్టు. నంద్యాల జట్టు అంటే ఆయన అక్కడ ఆట నేర్పిన అంగడి వీధి పిల్లలు ముగ్గురు. ఊరి పెద్దలను పిలిచాను. పేరున్న రైతు పెద్దాయన ఒకరు అధ్యక్షత వహించడానికి ఒప్పుకున్నారు. ఆ పెద్దాయన వారం ముందే వచ్చి పిల్లల ఆట చూసి పెదవి విరిచారు.

"ఏంది అయ్యవారూ ఇది? పళ్ళేలు ఎగరేసేది సరే, అంపైరేడీ? అంపైరు లేని ఆట ఉంటాదా యాడన్నా? మన ఊరోళ్ళు చూసి నవ్వుతారు."

ఆ మాట నా మనస్సులో ఉన్నదే. ఆదివారం పళ్ళేలన్న రాగానే చెప్పాను: పోటీ రోజున తీర్పు నేను చెబుతాను, ఈల నా దగ్గర ఉంటుంది.

ఆయన భుజాన ఉన్న గోతం క్రింద పెట్టాడు. "ఈల వద్దు సార్."

"ఎందుకు?"

"ఈల ఉంటే పిల్లోళ్ళు మీ దిక్కు చూస్తారు. ఇప్పుడు ఒగరి దిక్కు ఒగరు చూసుకుంటాండారు."

"పదిమంది పెద్దలు కూర్చున్నచోట ఇష్టం వచ్చినట్టు జరగడానికి వీల్లేదు."

ముడి వేశాడు. చాలాసేపు వేళ్ళ మధ్య త్రిప్పాడు. చివరకు విప్పి, "మీ బడి సార్. మీ గ్రౌండు" అన్నాడు. అంతకు మించి బ్రతిమాలడం ఆయనకు చేతకాలేదు.

పోటీ నాటి ఉదయం కూడా ఆయన అందరికంటె ముందు వచ్చి పల్లేరుకాయలు ఏరాడు. నేను కుర్చీలు వేయించాను, రెండు వరుసలు, అధ్యక్షుల కుర్చీ నడుమ. వరుస వంకరగా ఉంటే నా చూపు అక్కడే చిక్కుకుపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. తరగతి బయట విడిచిన చెప్పులను కూడా వరుసలో పెట్టించేవాడిని. దానిని నా సుగుణంగా లెక్కించుకుంటూ వచ్చాను.

ఆట సరిసమానంగా నడిచింది. ఆరూ ఆరూ. ఇంకొక్క పాయింటు ఎవరిదైతే వాళ్ళు గెలిచినట్టు. నేను అప్పటికి రెండుసార్లు మాత్రమే ఈల ఊదాను, రెండుసార్లూ పిల్లలు చెయ్యెత్తిన తరువాతనే. జనం లేచి నిలబడ్డారు. లేవడంలో ముందు వరుస కుర్చీలు చెదిరిపోయాయి. ఒకటి పూర్తిగా పక్కకు తిరిగిపోయింది. దానిని సరిచేయమని అటెండరుకు సైగ చేయడానికి నేను అటు తిరిగాను.

ఆ క్షణంలో వెనుక నుంచి కేక వినబడింది. తిరిగి చూసేసరికి శారద చిన్న చదరంలో ఉంది. పళ్ళెం ఆమె రెండు అరచేతుల మధ్య ఉంది. రెండు కాళ్ళూ లోపలే ఉన్నాయి. ఊరంతా నావైపు చూస్తోంది. ఈల ఊదాను. పాయింటు ఆళ్ళగడ్డదని చెయ్యి చూపించాను.

చప్పట్ల మధ్య శారద చెయ్యెత్తింది. "నాది సార్. పట్టేటప్పుడు మడమ తాడు మీద పడె. తర్వాత లోపలికి వచ్చినా."

ఆ చప్పట్లలో ఆ మాట విన్నది దగ్గర ఉన్నవాళ్ళం మాత్రమే.

"కాలు లోపలే ఉంది. నేను చూశాను" అన్నాను.

"సార్, నా కాలు సార్ అది!"

"ఎవరి కాలైనా సరే. ఈల ఊదాను. ఇక మాట్లాడకు."

అధ్యక్షులవారు నవ్వుతూ లేచారు. "అయ్యవారు ఈల ఊదినాక ఇంగేంది పాపా? గెలిచినం గదా! ఈ పిల్లకెవురన్నా చెప్పండప్పా గెలిచిందని!" అందరూ నవ్వారు. శారద ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. ఎప్పుడు దించిందో నేను గమనించలేదు. నంద్యాల పిల్లలు ముగ్గురూ పళ్ళేలన్న వైపు చూశారు. ఆయన, "పోండి నాయనా, చేతులు కలిపి రాపోండి" అన్నాడు. తాను తాడు చుట్టుకుంటూ శారద దగ్గర ఆగి, "నువ్వు చెప్పిందే నిజం పాపా" అన్నాడు. ఆ పిల్ల తల వంచుకుంది. బహుమతి పలక అధ్యక్షుల చేతి నుంచి అందుకునేటప్పుడు కూడా తల ఎత్తలేదు.

మరుసటి ఆదివారం ఆయన యథాప్రకారం వచ్చాడు. ముళ్ళు ఏరాడు, తాడు పరిచాడు. పిల్లలు వచ్చారు. శారద రాలేదు. ఆట మొదలైన మూడవ నిమిషంలో ఒకడు తాడు తొక్కాడు. నేను వరండాలో ఉన్నాను, నాకే కనబడింది. వాడు చెయ్యెత్తలేదు.

"తొక్కినావురా!" అన్నాడు అవతలివాడు.

"యాడ తొక్కినా? ఎవురు చూసినారు?"

"నేను చూసినా!"

"నువ్వెవురు చెప్పను? సార్ను పిలుచు!"

ఆయన ఇద్దరి మధ్యకు వెళ్ళి, విసిరినవాడికి పళ్ళెం ఇచ్చి మళ్ళీ ఆడమన్నాడు. "ఈల ఎవురు ఊదుతారన్నా?" అని అడిగారు పిల్లలు. వాళ్ళు ఎగతాళిగా అడగలేదు. నిజంగానే అడిగారు. మూడవ వారం ఒకడు తిరునాళ్ళలో కొన్న ఈల తెచ్చి మెడలో వేసుకున్నాడు. అయిదవ వారం కొట్లాటలో ఒకడి పన్ను విరిగింది. తల్లిదండ్రులు పంపడం మానేశారు. ప్రార్థన సమయంలో నేను ఏది అడిగినా చేతులు లేవడం ఆగిపోయింది. పిల్లలందరూ నేరుగా నా కళ్ళలోకి చూస్తూ నిలబడేవారు.

అప్పుడు ఆయన నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఒగటి అడుగుతా. సోమవారం ప్రేయర్లో ఒగ మాట చెప్పండి. 'ఆ పొద్దు నేను చూడల్యా' అని. అంతే సార్. ఆట మళ్ళ నిలబడుతాది."

నాకు ఒళ్ళు మండింది. "నేను చూడలేదని మీకెవరు చెప్పారు?"

"ఎవురూ చెప్పల్యా. అందరూ పళ్ళెం చూస్తాండారు, నేను మిమ్మల్ని చూస్తాంటి. ఈల మీ నోట్లో ఉండె గదా సార్, భయమై చూస్తాంటి. మీరు కుర్చీల దిక్కు తిరిగింటిరి."

నేను బల్ల మీది హాజరు పట్టీలు వరుసగా సర్దాను.

"ఎవురికీ చెప్పల్యా సార్. చెప్పను గూడ. నేను చెప్తే అది నింద అయితాది. మీరు చెప్తేనే ఆట."

"సోమవారం చూద్దాం" అన్నాను.

ఆయన చేతిలో పురికొస ఉంది. దానికి ముడి వేశాడు. విప్పకుండానే నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ముడి విప్పకుండా వెళ్ళడం అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ సోమవారం నేను పరిశుభ్రత గురించి మాట్లాడాను. తరువాతి సోమవారం సమయపాలన గురించి. ఇట్లా రెండేళ్ళు గడిచాయి. ఈ రెండేళ్ళూ ఆయన వస్తూనే ఉన్నాడు. ఓడిపోయి వెళ్ళిపోయాడని చెప్పుకునే ఊరివారు ఈ సంగతి గమనించవలెను. ప్రతి ఆదివారం కాకపోయినా, నెలకు రెండుసార్లయినా వచ్చేవాడు. గేటు తెరిపించుకొని, చెప్పులు విడిచి, పల్లేరుకాయలు ఏరి, రెండు చదరాలూ పరిచి, ఎవరూ లేని ఆటస్థలంలో పక్కగా గొంతుకూర్చొని ఉండేవాడు. మధ్యాహ్నం బస్సు వేళకు తాడు చుట్టుకొని వెళ్ళేవాడు. నా గది కిటికీ అటే. ఒక్కసారైనా నా వైపు చెయ్యి చూపలేదు, మరల అడగలేదు. నేను కిటికీ రెక్క వేయించుకున్నాను.

నా పదవీ విరమణ సభకు ఆయనను ఎవరూ పిలవలేదు. అయినా వచ్చాడు. శారద అప్పటికి పదవ తరగతి. ప్రార్థన గీతం పాడిన ముగ్గురిలో ఆమె ఒకతె. ఆయన చివరి వరుస వెనుక గోడకు ఆనుకొని నిలబడ్డాడు. నేను మైకు ముందుకు వెళ్ళగానే గోడ నుంచి వీపు తీసి నిటారుగా నిలిచాడు. ఆయన ఎందుకు వచ్చాడో నాకు తెలుసు. ఆ పిల్ల నా ఎడమవైపు నాలుగు అడుగుల దూరంలో ఉంది. పిల్లలు, పెద్దలు, అధ్యక్షత వహించిన ఆ రైతు పెద్దాయన, అందరూ ఉన్నారు. మూడు మాటలు చెబితే చాలు. మనస్సులో వాటిని కూర్చుకొని కూడా ఉన్నాను.

నలభై నిమిషాలు మాట్లాడాను. క్రమశిక్షణ గురించి, గురువుల గురించి, నా బాల్యం గురించి. ఉపన్యాసం బాగున్నదని తరువాత చాలామంది అన్నారు. శాలువా కప్పించుకొని తల ఎత్తి చూసేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు. భోజనానికి కూడా ఆగలేదని అటెండరు చెప్పాడు. ఆ తరువాత ఆయన ఆళ్ళగడ్డకు రాలేదు. ఇంటికి వెళ్ళి తమ్ముడితో, 'ఓడిపోతిమి లేరా' అన్నది ఆ రోజే అయి ఉంటుంది.

ఆయన పేరు వ్రాయకపోవడానికి కారణం ఇది. నా తప్పును ఆ మనిషి తన ఓటమిగా చెప్పుకొని ఇంటివాళ్ళ నవ్వులు భరించి వెళ్ళిపోయాడు. ఆ పేరును తీసుకువచ్చి నా ఒప్పుకోలుకు అలంకారంగా పెట్టే అర్హత నాకు లేదు. ఆయనకు ఆ ఆట నేర్పినవాళ్ళు కూడా పేరు అడగలేదు కదా.

ఇప్పుడు ఈ వ్రాత వల్ల ప్రయోజనం ఉన్నదని నేను నమ్మడం లేదు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. పెద్దలు ఎట్లా ఉంటారో అట్లాగే అయ్యారు. ఆటస్థలం నిండా పల్లేరు పాకి ఉంది. ముడి వేసిన పురికొస మాత్రం నా బల్ల సొరుగులో ఉంది. రెండుమూడుసార్లు విప్పబోయాను. బిగిసిపోయింది.

ఇందులో పొరపాట్లు ఉండవచ్చు. పెద్ద చదరం ఇరవై అంగలని వ్రాశాను, పదహారేమో. లెక్క అయిదు వరకో ఏడు వరకో నాకు రూఢి లేదు. ఆయన మాటల యాసను నా చెవికి తోచినట్టు పట్టాను. ఆ ఆట ఆడినవారు, ఆ అంగడి వీధివారు, ఆయనను ఎరిగిన ఎవరైనా సరే, తప్పు కనబడితే నాకు వ్రాసి దిద్దవలసినదిగా కోరుతున్నాను. శారద ఇది చదివితే ముందుగా ఆమె దిద్దాలి. ఒక్క చోట మాత్రం ఎవరూ శ్రమపడనక్కరలేదు. ఆ పూట మడమ తాడు మీద పడింది. నేను చూడలేదు. తప్పు నాది.